సావడి ముందు నాలుగంగుళాలు

భూగోళం టీచర్లుగా చేరబోయే అమ్మాయిలు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, పాఠం ఎట్లా చెప్పాలని అడిగారు. పుస్తకంలో ఉన్నదాన్ని పుస్తకమే చెబుతుంది, దానికి మనం అక్కర్లేదు. పటం చేతికి తీసుకున్నాక మొదలయ్యేదే మన పని. రాజపాళయంలో ఆడపిల్లల బడిలో 1934 జూన్‌లో చేరాను. ఏ ఏడు ఏ క్లాసు ఇచ్చారు, జీతం ఎప్పుడు పెరిగింది అనేవి ఇక్కడ రాయను. అవి నాకు తప్ప ఎవరికీ పనికిరావు. పటం ఎక్కడ నిజం చెబుతుంది, ఎక్కడ చెప్పదు, ఆ తేడా నాకు ఎట్లా తెలిసింది అనేది మాత్రం రాస్తాను.

నా గురించి ఒక్క మాట చెప్పాలి. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయాడు. మా నాయన నలుగురి మాటా పక్కనపెట్టి నన్ను మదరాసుకు ట్రైనింగుకు పంపాడు. తిరిగి వచ్చి, పుట్టిన ఊళ్ళోనే పనిలో చేరాను. అందరూ ఎరిగిన చోట టీచరుగా ఉండటంలో ఒక సుఖం ఉంది, ఒక చిక్కు ఉంది. సుఖం ఏమిటంటే దారి అడగనక్కర్లేదు. చిక్కు కూడా అదే.

కొండ ఏ పక్క?

చేరిన మరుసటి ఏడు ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చింది. అయిదో క్లాసు పిల్లను లేపి, "ఉత్తరం ఏది?" అని అడిగింది. ఆ పిల్ల తడుముకోకుండా ఇంటికప్పు చూపించింది. గోడకు వేలాడే పటంలో పైన ఉన్నది ఉత్తరం అని నేనే చెప్పి ఉన్నాను. పిల్ల చెప్పినట్టే నేర్చుకుంది.

ఇన్‌స్పెక్ట్రెస్ కోప్పడలేదు. గోడమీది పటాన్ని తీసి నేలమీద పరిచింది. "ఈ ఊళ్ళో కొండ ఏ పక్క ఉంది?" అని తమిళంలో అడిగింది. క్లాసు మొత్తం ఒక్కసారిగా చెయ్యెత్తి పడమర చూపింది. మా ఊరి పిల్లలకు అది పుట్టుకతో తెలిసిన దిక్కు. కొండకు ఎదురుగా నిలబడితే కుడిచేతి పక్క ఉత్తరం. పటాన్ని దానికి సరిగా తిప్పి పెట్టింది. నా పాఠం అంతా కలిపి ఆమె చెప్పిన ఆ రెండు నిమిషాలకు సరిపోలేదు.

అప్పటినుంచి నా క్లాసులో పటం నేలమీదే ఉండేది. పిల్లలు చుట్టూ కూర్చునేవాళ్ళు. మీరూ అట్లాగే చేయండి. గోడమీది పటం బొమ్మ. నేలమీద, దిక్కుకు సరిగా పరిచినదే పటం. ఇంకొకటి: పిల్లలు గీసిన ఏ పటానికైనా దిక్కు, స్కేలు, గుర్తుల పట్టిక, ఈ మూడూ ఉన్నాయా అని అందరూ చూస్తారు. నేను నాలుగోది చూసేదాన్ని, తారీఖు. తారీఖు లేని పటానికి నేను మార్కులు వేయలేదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

అమ్మలు ఎక్కడినుంచి వచ్చారు

'ప్రాంతం' అంటే ఏమిటని అడిగితే పుస్తకంలో రెండు వరుసలు ఉన్నాయి. పిల్లలు అప్పజెబుతారు, మరుసటి నెలకు మరిచిపోతారు. 1937లో ఏడో క్లాసుకు ఆ రెండు వరుసలు వదిలేసి, మీ అమ్మ పుట్టిల్లు ఎక్కడో అక్కడినుంచి మీ ఇంటికి ఒక గీత గీయండని చెప్పాను. తాలూకా పటం, మైలుకు ఒక అంగుళం.

సేద్యం చేసే కుటుంబాల పిల్లల గీతలు చక్కగా పడ్డాయి. ఒకటి మంసాపురంనుంచి, రెండు సత్రపట్టినుంచి, ఒకటి తళవాయిపురంనుంచి. ఇంకా దూరంనుంచి వచ్చినవీ ఉన్నాయి. ఈ తమిళ సీమలో తెలుగు మాట్లాడే మా రాజుల ఇళ్ళలో సంబంధాలు చాలావరకు ఊళ్ళోనే, ఈ కోటనుంచి ఆ కోటకు, అంటే ఈ పేటనుంచి ఆ పేటకు. ఆ పిల్లల పెన్సిలు కాగితం మీద ఆనిన చోటే ఆగిపోయింది.

ఒక పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని అడిగింది. "ఏమి టీచరు, మా అమ్మ యాడనుంచీ రాలేదా? చుక్కే ఉండాది."

"వచ్చింది పాపా. రెండు తెరువులు దాటి వచ్చింది."

"వచ్చేటప్పుడు ఏడ్చినాదంట. ఆనా గీత లేదే." మా ఊళ్ళో కానీ అనడానికి ఆనా అంటాము.

ఆ ఏడుపుకు తగిన పటం వేరే ఉందని చెప్పి, మరునాడు ఊరి పటం తెచ్చాను, మైలుకు పదహారంగుళాలది. అందులో రెండు తెరువులు, అంటే రెండు వీధులు, రెండంగుళాలు అయినాయి, గీత పడింది, పిల్ల ముఖం బాగుపడింది. స్కేలు అంటే ఏమిటో ఆ క్లాసుకు నేను మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది. ఒక సంగతి ఒక పటంలో కనబడలేదంటే ఆ సంగతి లేదని కాదు, పటం దానికి తగినది కాదని. ప్రాంతమూ అట్లాగే. రెవెన్యూ వాళ్ళు గీసిన తాలూకా హద్దు ఒకటి, మా అమ్మలు నడిచి వచ్చిన హద్దు ఇంకొకటి. రెండూ నిజమే.

ఇళ్ళలోని సంగతులు అడుగుతున్నానని ఎవరో హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పారు. ఆమె తిరునెల్వేలి వైపు మనిషి, నెమ్మది. "భూగోళం అంటే నదులు, కొండలు కదా?" అంది. "నదులు బడికి రావు అమ్మా, పిల్లలు వస్తారు" అన్నాను. అప్పుడు గట్టిగానే అన్నాను, ఇప్పుడు అడిగినా అదే అంటాను.

సెక్రటరీ గీసిన వృత్తం

అప్పట్లో బడి ఒక అద్దె ఇంట్లో ఉండేది, తెరువు వెనక పక్క. రెండు హాళ్ళు. వానకాలంలో ఒక హాలు. 1941లో ఒక కుటుంబం స్థలం దానం ఇచ్చింది, మిల్లు పెట్టినవాళ్ళు కట్టడానికి ముందుకు వచ్చారు. మా బడి సెక్రటరీ సుబ్బరాజు నాకు మామ వరుస అవుతాడు. బి.ఏ. చదివినవాడు, చేతికి ఎముక లేనివాడు, ఓపిక మాత్రం బొత్తిగా తక్కువ. ఒకరోజు ఊరి సర్వే పటం చుట్టి చంకన పెట్టుకుని వచ్చి, నా బల్లమీద పరిచాడు.

కొత్త స్థలం మీద కంపాసు ముల్లు గుచ్చి, నాలుగంగుళాల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీసి ఉంది. మైలుకు పదహారంగుళాలంటే అంగుళానికి నూటపది గజాలు. నాలుగంగుళాలకు నాలుగువందల నలభై గజాలు, అంటే సరిగ్గా పావు మైలు.

"చూడు అమ్మణ్ణి. మన పిల్లల్లో ముక్కాలు మంది ఇళ్ళు ఈ గీత లోపలే ఉండాయి. పావు మైలుకు మించి నడిచే పిల్ల ఊళ్ళో తక్కువ. దీనికన్నా మంచి స్థలం యాడ దొరుకుతుంది?"

కంపాసు సరి, స్కేలు సరి, లెక్క సరి. బాగుంది మామా అన్నాను. ఆయన పటం నా దగ్గరే వదిలి, గోడల కొలతలు చూసుకోను పోయాడు.

ఒకే గుమ్మం, రెండు దారాలు

పటంమీద వంకర దారిని స్కేలుతో కొలవలేము. దారంతో కొలవాలి. మా ఊరు నూలు ఊరు కాబట్టి దారానికి కరువు లేదు. మిల్లునుంచి వచ్చిన కొత్త దారం సాగుతుంది, కొలత తప్పుతుంది. రెండు పేటలు కలిపి పేని, కొంచెం మైనం రుద్దితే సాగదు. ఒక కొన బయలుదేరిన చోట వేలితో నొక్కి, దారి మధ్యన వేసుకుంటూ పోవాలి. మలుపు వచ్చిన ప్రతిచోటా రెండో చేతి వేలితో ఆపాలి. చేరిన చోట ముడి వేసి, తీసి, స్కేలుకు ఆనించాలి. అంతే.

సెక్రటరీ పటాన్ని మిల్లు బేళ్ళకు చుట్టే కాగితం మీద నకలు దింపి, ఏడో క్లాసు పిల్లలకు ఇచ్చాను. యుద్ధం రోజులు, మంచి కాగితం దొరకదు. మీ ఇంటినుంచి కొత్త బడికి మీరు నడిచే దారి కొలవండి అని చెప్పాను. అదే హాలు చివర మూడో క్లాసు కూర్చునేది.

ఏడో క్లాసులో కృష్ణమ్మ అనే పిల్ల ఉండేది. పదమూడేళ్ళది. గీత గీస్తే అచ్చు వేసినట్టు ఉండేది. దాని చెల్లెలు రంగమ్మ మూడో క్లాసు, ఎనిమిదేళ్ళు. దారం కనబడగానే తన క్లాసు వదిలి ఇటు వచ్చేసింది. సరే, నువ్వూ కొలువు అన్నాను. వాళ్ళ ఇల్లు సరిగ్గా సెక్రటరీ గీసిన గీతమీదే ఉంది, తెరువు తిన్నగా ఉంది. రంగమ్మ దారం నాలుగంగుళాలు వచ్చింది. కృష్ణమ్మది తొమ్మిది.

"ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బడి" అన్నాను. "ఎవురిదో ఒకరిది తప్పు."

"అక్కదే తప్పు టీచరు. నేరాగా పోతే నాలుగే" అంది రంగమ్మ.

"నువ్వు నేరాగా పోతావు" అంది కృష్ణమ్మ, తలెత్తకుండా. "నన్ను పోనిస్తారా?"

"నన్ను ఎవురూ ఏమీ అనరే. సావడిలో తాతలు బొరుగులు కూడా ఇస్తారు."

"నీకు బొరుగులు. నేను ఆ పక్క పోతే అవ్వ కాళ్ళు ఇరగ్గొడుతుంది."

క్లాసు నవ్వింది. నేను పిల్లలందరి దారాలు పటంమీద చూశాను. పద్దెనిమిది మంది క్లాసు. చిన్నగా ఉన్న నలుగురివి తప్ప అన్నీ ఒకే చోట పక్కకు తప్పుకుని, చుట్టు తిరిగి బడికి చేరాయి.

మా ఊరు తెలియనివాళ్ళకు చెప్పాలి. మా కోటల్లో ఒక్కొక్కదానికి ఒక సావడి ఉంటుంది. తెరువులోకి ఎత్తు అరుగు, పైన కప్పు. పొద్దున్నుంచి మగవాళ్ళు అక్కడ కూర్చుంటారు. పండగ ఖర్చు పంచుకోవడం, తగువు తీర్చడం, ఊరికే కూర్చోవడం, అన్నీ అక్కడే. వయసుకు వచ్చిన ఆడపిల్ల ఆ అరుగు ముందు నడవదు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, ఎవరూ కాపలా ఉండరు. అడిగితే మర్యాద అంటారు. వెనక సందులో దిగి, ఓడై గట్టు పట్టుకుని చుట్టి పోతారు. కొండనుంచి వచ్చే వాగును మా ఊళ్ళో ఓడై అంటాము.

నేనూ అట్లా చుట్టిపోయేదాన్నే. పదమూడో ఏటినుంచి. అయినా ఆ వృత్తం చూసి బాగుంది అన్నాను. ఎందుకంటే ఆ చుట్టుదారి నాకు దారిలాగా కాదు, నడకలాగా అలవాటు అయిపోయింది. సెక్రటరీకి అది తెలియకపోవడం వింత కాదు, మగవాడు తిన్నగా నడుస్తాడు. ఆయన కంపాసు వయసు లేని, ఆడా మగా కాని ఒక మనిషిని మధ్యలో నిలబెట్టి చుట్టూ గీసింది. అట్లాంటి మనిషి ఊళ్ళో లేడు. దూరం రెండు చోట్ల మధ్య మాత్రమే ఉండదు. నడిచే మనిషికీ చోటుకూ మధ్య కూడా ఉంటుంది. ఇది నా సర్వీసులో నేర్చుకున్న అన్నిటికన్నా పెద్ద సంగతి, నేర్పినది ఎనిమిదేళ్ళ పిల్ల, పదమూడేళ్ళ పిల్ల.

బడి వదిలాక కృష్ణమ్మ నా దగ్గర నిలబడింది. "కొత్త బడికి మారితే నేను చదువు మాని నిలిచిపోవాల టీచరు. అవ్వ చెప్పేసింది."

"తొమ్మిదంగుళాలు అంటే వెయ్యి గజాలు కూడా లేదే. నడవలేవా?"

"నడుస్తాను. ఆనా ఆ గట్టు చివర పత్తి గోదాములు ఉండాయి. బండివాళ్ళు పడుకుని ఉంటారు. అయిప్పసి నెల వానకు ఓడై పొంగితే గట్టే ఉండదు. అవ్వ ఆ పక్కా పంపదు, ఈ పక్కా పంపదు."

పాత బడి తెరువు వెనకే ఉంది కాబట్టి ఈ చిక్కు ఎవరికీ రాలేదు. కొత్త బడి ముందు గేటు సావడి తెరువులోకి పెట్టబోతున్నారు. ఏడు, ఎనిమిది క్లాసుల పెద్దపిల్లలకు అది మూసిన గేటు. కృష్ణమ్మకు ఎనిమిదో క్లాసు దక్కాలంటే గోడలు లేచేలోపల ఏదైనా జరగాలి.

వెనక గోడ

ఆ రాత్రి కాదు, ఆ ఆదివారం పట్టపగలు కూర్చుని గీశాను. చిన్నపిల్లల దారులు నీలం, పెద్దపిల్లలవి ఎరుపు. నీలం గీతలు బండి చక్రం ఆకుల్లాగా తిన్నగా బడికి చేరాయి. ఎరుపు గీతలు సావడి చుట్టూ పెద్ద ఖాళీ వదిలి వంగిపోయాయి. కింద గుర్తులు, పక్కన స్కేలు, మూలన తారీఖు వేసి సెక్రటరీ ఇంటికి తీసుకుపోయాను.

ఆయన చూస్తూనే గ్రహించాడు. ముఖం ముడుచుకున్నాడు.

"సావడిని నేను మార్చలేను అమ్మణ్ణి."

"మార్చమని చెప్పలేదు మామా."

"స్థలం మార్చేదానికి లేదు. ఇచ్చినవాళ్ళ దగ్గర ఏమని చెప్పేది?"

"అదీ అడగలేదు."

"మరి ఏమి అడిగేదానికి వచ్చినావు?"

"వెనక గోడలో ఒక తలుపు."

స్థలానికి పడమటి గోడ వెనక ఓడై సందు పక్కకు ఉంది. సందునుంచి గోడలోకి తలుపు పెడితే పిల్లలు గోదాముల దాకా పోనక్కర్లేదు, సావడి ముందుకు రానక్కర్లేదు. కృష్ణమ్మ దారం తొమ్మిదినుంచి నాలుగున్నరకు దిగుతుంది. కొలిచి చూపించాను. ఆయన తనే ఒకసారి దారం వేసి చూసుకున్నాడు, నాకు అది నచ్చింది.

"సరి. ఆనా సందుకూ గోడకూ నడమన ఈ తెల్లగా ఉండేది ఎవురి భూమి? పటంలో ఏమీ రాయలేదే."

"కృష్ణమ్మ అవ్వ కళ్ళం."

సెక్రటరీ దారం బల్లమీద పెట్టేశాడు. "ఆ అవ్వ దగ్గర నువ్వే మాట్లాడు. నేను రాను."

"బి.ఏ. చదివిన మీరే భయపడితే ఎట్లా మామా?"

"ఆమె దగ్గర తిట్లు తిన్నాకనే కదా నేను బి.ఏ.కు పోయింది. పో, పో. ఆమె సరి అంటే రేపే తలుపు పెట్టిస్తాను."

అవ్వ కళ్ళం

మిరపకాయలు ఎండే నెల. కళ్ళం నిండా ఎర్రగా పరిచి, అవ్వ మూలన గొడుగు గుచ్చుకుని, కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. కోళ్ళకోసం కర్ర. నేను దగ్గరికి పోయేలోపల రెండుసార్లు తుమ్మాను.

"ఏమి టీచరు, పిల్ల ఏమైనా తప్పు చేసినాదా?"

"లేదు అవ్వా. పటం ఒకటి చూపించేదానికి వచ్చినాను."

నేలమీద పరిచి, కొండ పక్కకు తిప్పి పెట్టాను. అవ్వకు చదువు రాదు. కొండ ఇటు, ఓడై ఇటు, మీ ఇల్లు ఇది అని చెప్పగానే వేలు పెట్టి మిగిలినవన్నీ తనే చెప్పింది. తరువాత వేలు ఆగిపోయింది.

"నా కళ్ళం యాడ?"

"ఇదే అవ్వా. ఈ తెల్లగా ఉండేది."

"తెల్లగా ఉండాదా? సర్వేవాడు వచ్చినప్పుడు ఇంత ఎరుపు పరిచి ఉండాను. వాడు తుమ్ముకుంటానే కొలిచినాడు. ఏమీ లేదని ఎట్లా రాసినాడు?"

పటం గీసేవాళ్ళు ఖాళీ అని వదిలిన చోటు ఎవరిదో ఒకరిది. ఇప్పటికీ పిల్లలకు ఈ మాట చెప్పకుండా పటం చేతికి ఇవ్వకండి.

ఎరుపు గీతలు, నీలం గీతలు చూపించి, సంగతి చెప్పాను. అవ్వ వింది. మధ్యలో ఒక కోడిని తరిమింది.

"సావడి ముందర పోవద్దని చెప్పినాను. చదవద్దని నేను చెప్పలేదే."

"దోవ లేకుంటే రెండూ ఒకటే అవ్వా."

అవ్వ నా ముఖం చూసింది. కర్రతో ఒక కాయను పక్కకు నెట్టింది. నేను ఇంకా నచ్చజెప్పబోలేదు. మాట ముగిశాక మళ్ళీ అదే మాట చెప్పేవాళ్ళు పని చెడగొట్టుకుంటారు.

"మిరపకాయలు తొక్కుతారు" అంది చివరకు.

"గట్టు ఓరన పోతారు."

"గట్టు ఓరన నా గుమ్మడి తీగ ఉండాది."

"మీరే చెప్పండి, ఏ పక్క పోవాలో."

అవ్వ లేచింది. కర్ర ఆనించి నేలమీద గీత గీస్తూ నడిచింది. కంచె పక్కన మొదలుపెట్టి, గుమ్మడి తీగను దాటించి, గడ్డివామును చుట్టి, గోడ లేవబోయే చోట ఆగింది. నేను వెనకే నడుస్తూ ఆ గీతను పటంమీదికి ఎక్కించాను. గుమ్మడి తీగవల్ల దారి పావు అంగుళం పెరిగింది, నాలుగూముప్పావు అయింది. నేను వాదించలేదు.

షరతులు పెట్టింది. తలుపు పొద్దున, సాయంత్రం మాత్రమే తీయాలి. తాళంచెవి టీచరునైన నా దగ్గరే ఉండాలి. కళ్ళంలో చెప్పులు వేయకూడదు. వాన మొదలైతే క్లాసు వదిలి అయినా పెద్దపిల్లలు వచ్చి కాయలు ఎత్తించాలి. అన్నిటికీ సరి అన్నాను. సెక్రటరీ మాట నిలబెట్టుకున్నాడు.

1942 జూన్‌లో కొత్త బడికి మారాము. ఏడు, ఎనిమిది క్లాసుల్లో ఒక్క పిల్ల కూడా నిలిచిపోలేదు. మిరపకాయల నెలలో బడి బడంతా తుమ్మేది. ఒకసారి ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి, పిల్లలకు జలుబా అని అడిగింది. మా దారి ఖరీదు అని చెప్పాను.

తరువాతి కాలంలో చిన్న టీచర్లు నన్ను అడిగారు, ఆ అలవాటునే తప్పు అని ఎదిరించి ఉండవలసింది కదా, వెనక తలుపు అడగటం తలవంచడం కాదా అని. కాదు. 1941లో నేను సావడి ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చి ఉంటే నాకు ఉపన్యాసం మిగిలేది, కృష్ణమ్మకు వంటిల్లు మిగిలేది. పిల్ల బడిలో ఉంటే మిగిలినవి అది చూసుకుంటుంది. ముందు దారి కావాలి, అది ఎంత వంకరగా ఉన్నా సరే.

1947, బడి తెరిచిన రోజు

కృష్ణమ్మ 1943లో ఎనిమిదో క్లాసు పాసయింది. ఇంట్లో ఏడాదిపాటు వాదన జరిగింది. అవ్వ ఎటు పక్క నిలబడిందో నాకు తెలియదు కానీ వాదన ముగిసినప్పుడు పిల్ల మధురైలో ట్రైనింగుకు పోయింది. 1947 జూన్‌లో మా బడికే అసిస్టెంటు టీచరుగా వేశారు.

మొదటిరోజు గంటకు ముందే వచ్చి, వెనక తలుపు తాళం తీసి, అక్కడే నిలబడ్డాను. నేనూ ఆ తలుపునుంచే వచ్చేదాన్ని, అయిదేళ్ళుగా. పెద్దపిల్లలు చెప్పులు చేతిలో పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. కృష్ణమ్మ రాలేదు. గంటకు ఇంకా కొంచెం టైము ఉందనగా నా వెనకనుంచి, ముందు వరండా పక్కనుంచి, దాని గొంతు వినబడింది. గొడుగు మడిచి చంకన పెట్టుకుని, ముంగిట నడిచి వస్తున్నది.

"ఏమి పాపా, అట్లా వచ్చినావు? నేను ఈడ తలుపు తీసి పెట్టుకుని ఉండాను."

"నేరాగా వచ్చినాను టీచరు."

"సావడిలో ఎవురూ లేరా?"

"అందరూ ఉండినారు. ఒక తాత, ఎవురమ్మా పోయేది అని అడిగినారు. నేను టీచరుని, బడికి టైము అయిపోయిందని చెప్పినాను."

"ఏమన్నారు?"

"మరి నిలబడి మాట్లాడతావే, గంట కొట్టేస్తారు పో అని చెప్పినారు."

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. "అవ్వకు తెలుసా?"

"చెప్పేసే బయలుదేరినాను. మంచిది, నా కళ్ళం తొక్కేవాళ్ళు ఒకరు తగ్గినారు అనింది." అప్పుడు తనూ నవ్వింది. "నాలుగంగుళాలే కదా టీచరు."

గంట కొట్టారు. కృష్ణమ్మ మూడో క్లాసుకు, నేను ఎనిమిదో క్లాసుకు పోయాము. మధ్యాహ్నం బీరువాలోనుంచి పాత పటం తీశాను. ఎరుపు గీతలు అట్లాగే ఉన్నాయి, మూలన 1941 అని నా చేతి రాత. అది తప్పు పటం కాదు. ఆ ఏడాదికి సరైన పటం. అందుకే తారీఖు వేయమంటాను.

మా ఇల్లు కూడా సావడికి అవతలే. ముందు గేటునుంచి మా ఇంటికి ఎంత దూరమో నేను ఎన్నడూ దారం వేసి చూడలేదు. ఆ సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుని, ముందు గేటు దాటాను. దారం తీయలేదు. నడిచి కొలిచాను.